ముళ్ళపందుల ఇంటికొచ్చిన చుక్కి

కొండగోగుల అడవిలో ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, కుందేళ్ళు, నెమళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళు మునిగి బతికేవారు. అందరిలోకీ సందడి ఎక్కువ ముళ్ళపందుల ఇంట్లో. పెద్ద బండ కింద వాళ్ళ బొరియ. అందులో సూదమ్మ అనే ముసలి ముళ్ళపంది, కొడుకు గరికయ్య, కోడలు కందమ్మ, లెక్కపెట్టబోతే చేతికి చిక్కని మనవలు. ఎవరు కదిలినా ఒంటిమీది ముళ్ళు గలగలమనేవి. ఆ చప్పుడే వాళ్ళకు ఇల్లు.

సూదమ్మకు ఒకటే దిగులు. ఈమధ్య మరుపు వస్తోంది. దుంప తవ్వి, ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది. ఒక మనవణ్ణి పిలవబోయి నలుగురి పేర్లు పిలిచేది. అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ పనైనా రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పైకి చెప్పుకుంటూ చేసేది.

ఒకనాడు అడవి అంచున కుక్కల ఏడుపు వినిపించింది. అక్కడ గుడారాలు వేసుకున్న మనుషులు మకాం ఎత్తేసి, రెండు కుక్కలను చెట్టుకు కట్టేసి పోయారు. అవి అన్నాచెల్లెళ్ళు. డొక్కలు వీపుకు అంటుకుపోయాయి. జంతువులన్నీ చుట్టూ చేరి జాలిపడుతున్నాయే గాని, ఎవరూ దగ్గరికి పోలేదు. సూదమ్మ తిన్నగా పోయి పళ్ళతో తాళ్ళు కొరికేసింది.

అప్పుడు దండిరాయుడు అనే ఎలుగుబంటి ముందుకొచ్చాడు.

"మగకుక్క నాది! నా గుహకు కాపలా. ఇంత హోదా ఈ అడవిలో ఇంకెవరికుంది? వీడి పేరు వీరసింహుడు!"

వీరసింహుడు వణుకుతూ తోక కాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"రెండూ నా దగ్గరే ఉంటాయిలే నాయనా. విడదీస్తే బెంగపెట్టుకుంటాయి" అంది సూదమ్మ.

"పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు నీకు! రెండు కుక్కల్ని ఏం సాకుతావు ముసలమ్మా?"

అందరూ నవ్వారు. ఒంటినిండా ముళ్ళున్న సూదమ్మకే ఆ మాట గుచ్చుకుంది. అయినా తల వంచలేదు. దండిరాయుడు మగకుక్కను లాక్కుపోతే, నొసటిమీద తెల్ల మచ్చ ఉన్న ఆడకుక్కకు చుక్కి అని పేరు పెట్టి, ఇంటికి తీసుకుపోయింది.

కందమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అత్తయ్యా! పిల్లలే చోటు చాలక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకుంటున్నారు. దీన్ని ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"మీరా?" అని కందమ్మ నాలుక కరుచుకుంది. మెల్లగా అంది. "వాన పడితే వాకిలి మునుగుతుంది. ఆలోగా అది లోపలికొచ్చి మనతో కలిస్తే ఉండనివ్వండి. లేదంటే ఇంకో చోటు చూడాల్సిందే. మీరు ఒక్క పూట మరిచిపోయినా పస్తుండేది అదే కదా అత్తయ్యా."

కందమ్మ చెడ్డది కాదు. ఊపిరాడనంత పని దానికి. సూదమ్మ ఒప్పుకుంది.

చుక్కి లోపలికి రాలేదు. ముళ్ళు గలగలమంటే చాలు, నేలకు అతుక్కుపోయి కళ్ళు మూసుకునేది. కర్రదెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది దాని వాలకం. సూదమ్మకు సంగతి అర్థమైంది. మనవలందర్నీ పోగుచేసింది.

"దాని ముందు ముళ్ళు ఒంటికి అదుముకుని నడవండి. తింటుంటే దగ్గరికి పోకండి. అదే వచ్చేదాకా ముట్టుకోకండి."

"మరి తుమ్మొస్తే నానమ్మా?" అన్నాడు అందరిలోకీ చిన్నవాడు బుడిగి.

"ముక్కు మూసుకో."

"మూసుకుంటే ఇంకా గట్టిగా వస్తుంది నానమ్మా!"

"అయితే దూరంగా పోయి తుమ్ము నా తండ్రీ!"

ఆనాటి నుంచి పొద్దు వాలే వేళకు సూదమ్మ వాకిట్లో పలకరాయి మీద దుంపముక్కలు, ఇప్పపూలు పెట్టేది. మరిచిపోకుండా ఉండాలని రోజూ అవే మాటలు చెప్పేది.

"ఇదిగో తిండి. ఇదిగో నీళ్ళు. ఇక్కడ ఎవరూ కొట్టరు."

చెప్పి దూరంగా కూర్చునేది. మొదట్లో చుక్కి ఆ తిండి ముట్టనే లేదు. తరువాత ఎవరూ చూడనప్పుడు తిని, కొంత మట్టిలో దాచుకునేది. కొన్నాళ్ళకు దాచడం మానేసింది. కాని నోరు విప్పి ఒక్కమాట మాట్లాడలేదు. గడప దాటలేదు. ఆకాశాన మబ్బులు కమ్ముతున్నాయి. సూదమ్మ మాత్రం ఒక్క పూట మానలేదు.

అక్కడ దండిరాయుడు మొదటిరోజే కొండమీద పెద్ద విందు చేశాడు. వీరసింహుడి ముందు తేనెపట్టు మొత్తం పెట్టి అడవినంతా పిలిచి చూపించాడు. మర్నాటికి వాడి సంగతే మరిచాడు. మళ్ళీ చుట్టాలు వచ్చిన రోజు గుర్తొచ్చింది.

"మొరుగు! నా పరువు తియ్యకు!" అని గర్జించాడు.

ఆకలితో ఉన్న కుక్క బిక్కచచ్చిపోయింది. చుట్టాలు ముసిముసిగా నవ్వారు. దండిరాయుడు కోపంతో కట్టె అందుకున్నాడు. అంతే, వీరసింహుడు కొండ దిగి పరుగెత్తి, చెల్లెలి వాసన పట్టుకుని బండ కింద దూరాడు.

వెనకే దండిరాయుడు రొప్పుతూ వచ్చాడు.

"నా కుక్కను నాకివ్వు!"

"పేరు పెట్టినంత మాత్రాన నీదైపోదు నాయనా. కూడు పెట్టావా?" అంది సూదమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"అడ్డు లే ముసలమ్మా!" అంటూ ఎలుగుబంటి పంజా లోపలికి దూర్చాడు. సూదమ్మ పక్కకు జరగలేదు. వెనక్కి తిరిగి, ముళ్ళు నిక్కించింది. మరుక్షణం దండిరాయుడి కేక కొండకు తగిలి మళ్ళీ వినిపించింది. పంజానిండా ముళ్ళతో కుంటుకుంటూ పోయాడు.

కందమ్మ నుదురు కొట్టుకుంది. "ఒకటి చాలదని రెండోదా అత్తయ్యా!"

ఇంతలో వాన మొదలైంది.

ఇల్లంతా ఉరుకులు పరుగులు. గరికయ్య దుంపలు లోపలికి మోస్తున్నాడు. కందమ్మ గుమ్మానికి మట్టికట్ట వేస్తోంది. పిల్లలు అటూ ఇటూ దొర్లుతున్నారు. సూదమ్మ ఎండుగడ్డి సర్దుతూ సర్దుతూ ఆ ధ్యాసలోనే ఉండిపోయింది. పొద్దు వాలింది. పలకరాయి ఖాళీగా తడుస్తోంది.

కందమ్మ అది చూసింది. అనుకున్నంతా అయిందని నిట్టూర్చింది. అత్తగారికి చెబుదామని తిరిగేసరికి, గడప మీద చుక్కి నిలబడి ఉంది.

నీళ్ళు కాళ్ళకు తగులుతున్నాయి. లోపలేమో ఇంటినిండా ముళ్ళు. చుక్కి ఒక కాలు లోపల పెట్టింది. సరిగ్గా అప్పుడే బుడిగి తుమ్మాడు. ఉలిక్కిపడి అందరి ముళ్ళూ ఒక్కసారి గలగలమన్నాయి. చుక్కి నేలకు అతుక్కుంది. పిల్లలు గబగబా ముళ్ళు ఒంటికి అదుముకున్నారు.

చుక్కి కళ్ళు మూసుకోలేదు. లేచింది. వణుకుతూనే ముళ్ళ మధ్య నుంచి నడిచి, సూదమ్మ ముందు నిలబడింది. మొదటిసారి నోరు విప్పింది.

"అవ్వా, ఈవేళ 'ఇదిగో తిండి' అనలేదు నువ్వు."

సూదమ్మ చేతిలో గడ్డి జారిపోయింది. "అయ్యో తల్లీ, మరిచిపోయాను!"

"నాకు గుర్తుందిగా అవ్వా. అన్నకు కూడా పెట్టు. వాడికి అడగడం తెలీదు ఇంకా."

కందమ్మ కళ్ళు తుడుచుకుని, మట్టిచేతులు కడుక్కుని, రెండు ఆకుల్లో దుంపముక్కలు పెట్టింది. వీరసింహుడు గుమ్మం పక్కనే ముడుచుకుని చూస్తున్నాడు. ఒక ఆకు వాడికి కాస్త దూరంలో పెట్టి, వెనక్కి జరిగి కూర్చుని, అత్తగారి మాటలే అంది.

"ఇదిగో తిండి. ఇదిగో నీళ్ళు. ఇక్కడ ఎవరూ కొట్టరు."

"చుక్కీ, రేపు నేను మరిచిపోతే?" అంది సూదమ్మ.

"రేపూ అడుగుతాను."

ఆ వానాకాలమంతా రెండు కుక్కలూ ఆ ఇంటి నడుమే పడుకున్నాయి. దండిరాయుడి పంజా మానడానికి చాలాకాలం పట్టింది. ఆ ఏడు తేనెచెట్టు ఎక్కలేక, కింద కూర్చుని పైకి చూస్తూ గడిపాడు.

నీతి: దిక్కులేని ప్రాణిని ఇంటికి తెచ్చుకోవడం ఒక్కరోజు పని, ఆకలేస్తే అడగవచ్చని దానికి నమ్మకం కలిగేదాకా రోజూ చూసుకోవడమే అసలైన దయ.