కుముద చేతికి మూడురంగుల బ్యాడ్జీ

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో కుముద అని ఓ పిల్ల. దాని కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు! అచ్చం నీలాగే. ఇదిగో, ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

కుముద బళ్ళో గైడ్స్ దళంలో చేరింది. అక్కడ మూడురంగుల గుడ్డ బ్యాడ్జీ చేతికిస్తారు. దాన్ని చొక్కాకి ఎవరు కుట్టాలనుకున్నావు? అమ్మ కాదు, దర్జీ కాదు. మనం ఎవరికి సాయం చేశామో వాళ్ళే కుట్టాలి. శశిరేఖ టీచరు పెట్టిన పద్ధతి అది. బ్యాడ్జీ కుట్టించుకున్న పిల్లలకే పంద్రాగస్టు కవాతులో చోటు.

మిగతా పిల్లలందరూ కుట్టించేసుకున్నారు. కుముదది మాత్రం జేబులోనే ఉండిపోయింది. దానికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

అప్పుడు ఏం చేసిందీ, వేరుశనక్కాయలమ్మే పైడితల్లికి నీడ కోసమని ఓ వేపమొక్క నాటింది. నాటి ఊరుకుందా? వేళ్ళు పట్టాయో లేదోనని రోజూ పీకి చూసింది. మొక్క కాస్తా వాడిపోయింది.

"నీడ మాట దేవుడెరుగు, దాన్ని బతకనిచ్చావు కాదే తల్లీ!" అంది పైడితల్లి.

ఆ తర్వాత బస్సుస్టాపులో బల్లకి ఆకుపచ్చ రంగు వేసింది. ఆరిందాకా కాపలా ఉండాలా? ఉంటే అది కుముద ఎందుకవుతుంది! సింహాచలం తాత వచ్చి హాయిగా కూర్చున్నాడు. ఆయన తెల్లపంచె ఏమయిందో నేను చెప్పక్కర్లేదు. ఇంక ఆయన్ని బ్యాడ్జీ కుట్టమని ఎలా అడుగుతుంది?

ఆ తర్వాత బొంతలు కుట్టే నారాయణమ్మ దగ్గరికి వెళ్ళింది. పాపం, ఆవిడకి చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడానికి ఒకరు కావాలి. మాటిమాటికీ ఎవరెక్కిస్తారని కుముద గది పొడుగునా దారం లాగి, ఒక్కసారే ఎక్కించేసి, బ్యాడ్జీ చాపింది. బొంతకి నాలుగు కుట్లు పడ్డాయో లేదో, దారం ఉండచుట్టుకుపోయింది.

"మూరెడే పెట్టాలమ్మా. అయిపోతే మళ్ళీ ఎక్కించాల. తొందరైతే ఎలాగ?" అంది నారాయణమ్మ, చిక్కు విప్పుకుంటూ.

కుముద మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

అంతలో ఏరు పొంగింది. అవతలి ఊళ్ళవాళ్ళు కట్టుబట్టలతో గట్టెక్కారు. పంద్రాగస్టు పొద్దున్నే వాళ్ళ కోసం లారీ వెళ్తుంది, దుప్పట్లూ బొంతలూ ఇవ్వండని దండోరా వేశారు.

ఆ పొద్దున కుముద చొక్కా ఇస్త్రీ చేసుకుని, నారాయణమ్మని ఆఖరిసారి బతిమాలదామని పరుగెత్తింది. ఆవిడ అరుగు మీద పెద్ద బొంత పరుచుకుని, సూది బెజ్జం కోసం తడుముకుంటోంది.

"పసిబిడ్డలున్నోళ్ళకని మొదలెట్టాను. లారీ వచ్చేస్తాది. పోనీ, నీది ముందు కుట్టేయమంటావా?" అంది.

కుట్టేయమంటే అయిపోయేది! వీధి చివర కవాతు బ్యాండు మొదలైంది. కుముద కాళ్ళు వాటంతటవే ఎగురుతున్నాయి. బ్యాడ్జీ వంక చూసింది. కుట్టని బొంత వంక చూసింది. దానికి ఏడుపొచ్చింది.

అప్పుడు బ్యాడ్జీ జేబులో పెట్టేసుకుని చతికిలబడింది. "సూది ఇటియ్యి మామ్మా."

మూరెడు దారం. అది అయిపోతే ఇంకో మూరెడు. అదీ అయిపోతే మరో మూరెడు. ఆఖరి కుట్టు పడేసరికి లారీ హారన్ కొట్టింది. ఇద్దరూ బొంత మోసుకెళ్ళి అందులో వేశారు.

"మామ్మా, ఇంక కుట్టేయ్! బ్యాండు ఇటే వస్తుంది!"

"బ్యాండు ఎప్పుడో ఎల్లిపోనాది కదమ్మా. మన గుమ్మం ముందునుంచే ఎల్లింది. నీకినపళ్ళేదా?"

కుముద తెల్లబోయింది. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. నారాయణమ్మ దాన్ని దగ్గరకి తీసుకుని, మిగిలిన ఎర్రదారంతో బ్యాడ్జీ కుట్టింది. చూపు లేని కుట్టు కదా, వంకరటింకరగా వచ్చింది.

ఇంటికెళ్తే వాళ్ళమ్మ, "అయ్యో, విప్పి తిన్నగా కుడతానుండు" అంది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అంది కుముద.

ఏమిటీ, కవాతా? అది మళ్ళీ ఏడూ వస్తుందే పిచ్చిదానా. ఆ బొంత కప్పుకున్న పసివాడికి చలి మాత్రం ఆ రాత్రే కదా!

కదిలింది కథ కంచికి,
మనమొచ్చాం మనింటికి,
కాళ్ళు రెండూ దుప్పటికి,
కమ్మని నిద్ర నీ కంటికి.