అంకాలు వదిలిన సొరబుర్ర

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోండి, దారికి అడ్డం లేదు. సగం విన్నాక లేచి "ఇవన్నీ కోతలు" అంటే మాత్రం ఊరుకునేది లేదు. అనుమానం ఉన్నవాళ్లు దాన్ని చెప్పుల పక్కన విడిచి కూర్చోండి. పోయేటప్పుడు మళ్లీ తీసుకుపోవచ్చు, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

అనగా అనగా, గోదారికి ఇంకా గట్లు లేని రోజుల్లో, చందమామ రేవులో దిగి మొహం కడుక్కుని పోయే రోజుల్లో, ఇసకలంక అని ఒక చేపలపల్లె ఉండేది. గోదారి నుంచి ఒక పాయ విడివడి, ఆ ఊరిని చుట్టి, దిగువన మళ్లీ గోదారిలో కలిసేది. ఆ పాయ ఒడ్డున తడికలు అల్లుకుని బతికేవాడు అంకాలు.

వల వెయ్యడం రాదు. పడవ నడపడం రాదు. వెదురు చీల్చి తడిక అల్లడం ఒక్కటే వచ్చు. అయితే అది అలాంటిలాంటి అల్లికా? అంకాలు తడిక కట్టి నిలబెడితే రొయ్య మీసం దూరేది కాదు. ఒక దోమ దూరబోయి, నడుం ఇరుక్కుని, మూడు రోజులు ఏడ్చింది. గాలి సైతం తడిక ముందు కాసేపు నిలబడి, దణ్ణం పెట్టి, చుట్టు తిరిగి పోయేది.

అంకాలు పనిచేసే చోటు పాయ ఎగువ నోటి దగ్గర, వెదురుపొదల్లో. ఇల్లు దిగువన, రేవు పక్కన. పొద్దున్నే పెళ్లాం లోవమ్మ సొరబుర్ర నిండా గంజి పోసి ఇచ్చేది. సొరబుర్ర అంటే తెలుసుగా, గింజలు తీసేసి ఎండబెట్టిన సొరకాయ. పని అయ్యాక అంకాలు ఖాళీ బుర్రకు బిరడా బిగించి పాయలో వదిలేవాడు. ఏరు ఉండగా మోత ఎందుకు? బుర్ర ఊగుకుంటూ తేలుకుంటూ ఇంటికి పోయేది. రేవులో లోవమ్మ దాన్ని పట్టుకుని, మావ బయల్దేరాడని పొయ్యి రాజేసేది. బుర్ర ముందు, అంకాలు వెనక. పెళ్లయిన నాటి నుంచీ అదే వరస.

ఇసకలంకకు తిండి పెట్టేది పులస. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఉత్త చేప. వానలు పడి గోదారికి ఎర్రనీరు వచ్చిందా, కడుపు నిండా గుడ్లతో ఏటికి ఎదురెక్కి, తీపినీళ్లలో గుడ్లు పెట్టడానికి వస్తుంది. పాయలోకి వచ్చిన పులసల్లో సగం వలలు తప్పించుకుని ఎగువకు పోతున్నాయని ఊరిపెద్ద పోలయ్యకు తిన్నది వంటబట్టేది కాదు. పాయ ఎగువ నోటికి అడ్డంగా తడిక కట్టమన్నాడు. అంకాలు కట్టాడు.

ఆ ఏడు పులసలు తగ్గాయి. సందుల్లోంచి జారిపోయి ఉంటాయన్నారు. ఇంకా బిగించు, అంకాలూ అన్నారు. ఆ ఏడే బుర్ర కూడా ముందు రావడం మానేసింది. అంకాలుతో పాటు, పక్కపక్కనే నడిచి వచ్చింది.

రెండో ఏడు రెండో తడిక కట్టాడు. పులసలు ఇంకా తగ్గాయి. ఇంకా బిగించు, అంకాలూ అన్నారు. అంకాలు ఇల్లు చేరి, అన్నం తిని, చుట్ట కాల్చి, ఒక కునుకు తీశాక వచ్చింది బుర్ర. దారిలో చుట్టాలింటికి వెళ్లి ఉంటుందని లోవమ్మ నవ్వింది.

మూడో ఏడు మూడో తడిక. ఎండ కూడా దాని అవతలే ఆగిపోయింది. ఆ వానాకాలం గోదారి అలా ఇలా పొంగలేదు. ఏనుగుల మంద నీళ్లకు దిగినట్టు పొంగింది. దిగువ నోటి నుంచి ఎర్రనీరు పాయలోకి ఎదురు తన్ని, రేవు పైమెట్టు దాకా నిండింది. ఇన్ని నీళ్లు తాతల నాడు కూడా లేవని ఊరంతా వలలు సర్దుకుంది. ఒకటో రోజు వల వేశారు, పొలుసు కూడా తగల్లేదు. రెండో రోజు వేశారు, నాచు వచ్చింది. మూడో రోజు వేస్తే ఆ నాచూ రాలేదు.

పోలయ్య ఊరిని పిలిచి, ఇక్కడ మనకు నూకలు చెల్లాయన్నాడు. సముద్రపు ఒడ్డున ఎవరికి ఎక్కడ చుట్టం ఉంటే అక్కడికి పోవడమే అన్నాడు. పడవల్లోకి కుండలు ఎక్కాయి, చాపలు ఎక్కాయి, కోళ్లు ఎక్కాయి. పొద్దు వాలేలోగా ఊరు చెదిరిపోతుంది. ఆ రేవు తప్ప మరో నేల తొక్కి ఎరగనివాడు అంకాలు. కత్తి తెచ్చుకుందామని ఎగువకు పోయి, గంజి తాగి, అలవాటు కొద్దీ బుర్రను నీళ్లలో వదిలాడు.

బుర్ర కదల్లేదు. అలిగిన కొత్తల్లుడిలా అక్కడే కూర్చుంది. అంకాలు ఒక్కడే ఇంటికి నడిచి వచ్చాడు. రేవులో లోవమ్మ ఖాళీ చేతులతో నిలబడి ఉంది.

"నువ్వొచ్చావు గానీ, బుర్రేది మావా?"

"కదలనంటోందే."

"ఇన్ని నీళ్లుండగానా?"

"నీళ్లున్నాయి. వాటికి నడక లేదు."

లోవమ్మ నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. కుండలో నీళ్లలా ఉన్నాయి. "బుర్ర దిగితేనే కదా పులస ఎక్కేది," అంది. "ఎదురు తోసే నీళ్లు లేకపోతే దానికి ఇది దారని ఎట్టా తెలుస్తాది?"

అంకాలు మెట్టు మీద కూలబడ్డాడు. నీళ్ల నడక ఆపింది ఎవరో అతనికి తెలుసు. రొయ్య మీసం దూరని అల్లిక. మూడేళ్ల ఒండ్రూ తుంగా పట్టి, గోడ అయి కూర్చున్న అల్లిక. ఇన్నాళ్లూ మీసం తిప్పింది దాన్ని చూసుకునే.

లేచి పోలయ్య దగ్గరికి పోయాడు. తడికలు తీసేస్తానన్నాడు. పోలయ్యకు ఒళ్లు మండింది. అవి తీస్తే ఉన్న నాలుగు చేపలూ పైకి పోతాయన్నాడు.

"ఆ నాలుగూ ఏవి పెద్దా? ఒకసారి చూపించు," అన్నాడు అంకాలు.

పడవల్లో ఉన్న ఆడవాళ్లు నవ్వు దాచుకోను నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పోలయ్య మొహం మాడ్చుకుని, సరే, తీసి చూడమన్నాడు. పులస రాకపోతే మూడేళ్ల పాపమూ నీదే, నిన్ను ఏ పడవా ఎక్కించుకోదన్నాడు. అంకాలు కత్తి నడుముకు దోపుకుని, ఎగువ నోటికి పోయి నీళ్లలోకి దిగాడు.

అతని ముడులు అతని మాటే వినలేదు. కత్తి విరిగింది. పళ్లతో కొరికాడు, మూడు పళ్లు పోయాయి. మొదటి తడిక ఊడింది, ఏరు దగ్గింది. రెండో తడిక ఊడింది, ఏరు మాట్లాడింది. మూడో తడిక దగ్గర అంకాలు ఒక్క క్షణం ఆగి, అల్లికను చేత్తో తడిమాడు. అంతకన్నా మంచిది మళ్లీ అల్లలేనని తెలుసు. కళ్లు మూసుకుని లాగాడు.

ఏరు గర్జించింది. ఆ గర్జనకు పై ఊళ్లో పడుకున్న ఎద్దులు లేచి నిలబడ్డాయి. సొరబుర్ర బాణంలా దూసుకుపోయింది. అంకాలు ఒడ్డు వెంట పరుగెత్తాడు, బుర్రే గెలిచింది. లోవమ్మ రెండు చేతులా అందుకుంది. నడుస్తున్న నీళ్లకు మూటలతో ఉన్న పడవలు తాళ్లు తెంచుకుని, గిర్రున తిరిగి, ఎవరి ఇంటి ముందు వాళ్ల పడవ ఒడ్డెక్కి కూర్చుంది.

తరవాత వచ్చాయి పులసలు. వెండి పళ్లేలు దొర్లించినట్టు వచ్చాయి. పాయలో నీళ్లెన్నో చేపలెన్నో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. మొల లోతులో నిలబడ్డ పోలయ్యను పక్కకు తోసుకుంటూ ఎగువకు పోయాయి. పోలయ్య వల ఎత్తాడు. ఊరంతా ఎత్తింది.

అంకాలు రొప్పుతూ వచ్చి ఎదురు నిలబడ్డాడు. "చూలాలు పుట్టింటికి పోతోంది పెద్దా. దారిలో ఆపుతామా?"

 పోలయ్య భార్య పడవలోంచి కుండలు దించడం మొదలుపెట్టింది. అప్పుడు అతనూ వల దించాడు.

అంకాలు ఆ తరవాత చాలా కాలం బతికాడు. మళ్లీ తడికలు అల్లాడు, దొడ్లకీ వంటిళ్లకీ. లోవమ్మ పోయాక కూడా రోజూ బుర్ర వదిలి దాని వెనక నడిచేవాడు. ముసలితనంలో ఒకనాడు రేవు దగ్గర ఆగకుండా బుర్ర వెనకే నవ్వుకుంటూ పోయాడు. సముద్రం దాకా పోయాడంటారు. ఇప్పటికీ దారి తెలియని పులసలకు దారి చూపేది ఆయనేనంటారు.

నేటికీ ఇసకలంకలో ఎర్రనీరు వచ్చిన నాడు ఎవరూ వల తడపరు. ఊళ్లోకెల్లా పెద్దాయన ఎగువకు పోయి, గంజి తాగి, బుర్ర వదిలి నడిచి వస్తాడు. పెద్దావిడ రేవులో కాచుకుని ఉంటుంది. బుర్ర ముందు వస్తే, తొలి మందను పోనిచ్చి, వెనక వచ్చేవాటికి వలలు వేస్తారు. మనిషి ముందు వస్తే మాత్రం చేపలేవని అడిగేవాడు ఉండడు. పిల్లా పెద్దా గునపాలు పట్టుకుని, ఏటికి ఏం అడ్డం పడిందో చూడ్డానికి ఎగువకు నడుస్తారు.

ఇంకా నమ్మకం కుదరలేదా? రేవు పక్కన వలలు కుట్టే ముసలావిడ ఒకావిడ ఉంది. నిరుడు బుర్ర అందుకుంటూ, దాని వేగానికి మూడు మెట్లు వెనక్కి పడి, లేచి నవ్వింది. పోయి ఆవిడ్నే అడగండి. పేరు పినపోతు అచ్చియ్యమ్మ.