సగంలో ఆగిన జవాబు

"చేతికి పని వచ్చేశాక ఇంకా నేర్చుకోవాల్సింది ఏముంటుంది సామీ?" అని మునిరత్నం ఒకరోజు పొద్దున తన గురువును అడిగాడు.

గురువు పేరు చెంగల్రాయుడు. విరిగిన ఎముకలకు కట్లు కట్టడం, తప్పిన కీళ్లు సరిచేయడం ఆయన వృత్తి. మునిరత్నం ఆయన దగ్గర ఆరేళ్లుగా ఉన్నాడు. వెదురు బద్దలు చెక్కాడు, ఆకులు నూరాడు, ఎన్ని చేతులు, ఎన్ని కాళ్లు పట్టి చూశాడో లెక్కలేదు. వైద్యం చేసుకోవడానికని వాళ్ల నాయన ఊళ్లో కొట్టం కూడా వేయించి పెట్టాడు. గురువు సెలవిస్తే వెళ్లడమే. ఆయన ఇవ్వడం లేదు. ఇవ్వనని అనడమూ లేదు.

ఆ ప్రశ్న విని ఆయన వాకిలి వైపు చూశాడు. "ఇప్పుడు వచ్చే మనిషిని నువ్వే చూడు. నేను చెయ్యి పెట్టను. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

వచ్చిన ఆవిడ పేరు కుప్పమ్మ. పశువుల పాకలో జారిపడి కుడి భుజం కీలు తప్పింది. మునిరత్నం వేళ్లతో తడిమి, కీలు ఎటు జరిగిందో వెంటనే పట్టుకున్నాడు. నొప్పితో వచ్చిన వాళ్లు ఒళ్లు బిగబట్టుకుంటారు. బిగబట్టిన భుజం లోపలికి పోదు. అందుకని చెంగల్రాయుడు వాళ్లను ఏదో ఒకటి అడుగుతాడు. జవాబు చెప్పడంలో పడి వాళ్లు ఒళ్లు వదులుతారు. లాగాల్సింది అప్పుడే. శిష్యుడికి అదీ వచ్చు.

"ఈ చేత్తో పొద్దున వంటెట్లా చేసినావమ్మా?" అని అడిగాడు.

"నేనేడ చేసేది నాయనా! మా తోడికోడలొచ్చి చేసింది. నాలుగేండ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. అట్లాంటిది..."

మునిరత్నం లాగాడు. భుజం టక్కున కూర్చుంది. కుప్పమ్మ ఒక్క కేక పెట్టి, ఊపిరి తీసుకుని, "అట్లాంటిది ఈ పొద్దు తానే గడప తొక్కి..." అని మళ్లీ అందుకుంది.

"చాల్లేమ్మా, కదలొద్దు" అన్నాడు మునిరత్నం. కుప్పమ్మ మాట ఆపేసింది. అతను చకచకా కట్టు కట్టి, చేతిని మెడకు తగిలించి, కాలు మడతపడి వచ్చిన ఒక రైతు వైపు తిరిగాడు. ఆవిడ పైట సర్దుకుని లేవబోయింది.

చెంగల్రాయుడు వచ్చి ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాడు. "వచ్చి ఏం వండిందమ్మా?"

"సంగటి, చింతాకు పప్పు. నాకు జడ కూడా వేసింది సామీ. ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పప్పులో ఉప్పెక్కువైంది. చెప్తే ఏమనుకుంటుందో అని..."

"తిన్నావా?"

"రెండుసార్లు వేయించుకున్నా."

రైతు గోడకు ఆనుకుని మూలిగాడు. "సామీ, ఆ పప్పుతో నా కాలు బాగయ్యేదా?"

"నీ వంతు వస్తుందిలే బావా. మీ ఇంటి పప్పు కూడా అడుగుతా" అన్నాడు చెంగల్రాయుడు, తల తిప్పకుండానే.

కుప్పమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాలుగేళ్ల కిందట ఇద్దరిళ్ల నడిమి గోడ దగ్గర జరిగిన జగడం చెప్పింది. ఎవరు ఏమన్నారో చెప్పింది. చివరికి, "మొదట నోరు జారింది నేనే సామీ" అని, "ఈ మాట నీకు కాదు చెప్పాల్సింది" అంటూ లేచి వెళ్లిపోయింది.

మునిరత్నం గురువు దగ్గరికి వచ్చాడు. "కీలు కూర్చోబెట్టడంలో ఏమైనా పొరపాటు చేశానా సామీ?"

"లేదు. నాకంటే బాగా చేసినావు."

"మరి నేను ఊరికి పోవచ్చా?"

చెంగల్రాయుడు రైతు కాలును ఒళ్లో పెట్టుకుంటూ అన్నాడు: "ఆయమ్మను అడిగింది నువ్వు నాయనా. విన్నది నేను."