పాణి పేరున్న ఫోల్డరు

"చదవడం రానివాళ్ళకి జవాబు చెప్పడం కూడా మన పనేనా మేడం?" అన్నాడు కోదండపాణి. అది అడగడం కాదు, నిలదీయడం.

వేదవల్లి గారు ముప్పయ్యేళ్ళు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు నేర్పి రిటైరయ్యారు. ఇప్పుడు పాత శిష్యులు అరడజను మందిని వెంటబెట్టుకుని పులిజూదం ఆటని కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నారు. దాని కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆవిడకో అలవాటుంది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెప్తారు.

పాణికి ఒళ్ళు మండడానికి కారణం సాలూరు బడిపంతులు గౌరునాయుడు. తీసుకున్న కోడ్‌ని ఆటగా తయారుచేసే బిల్డ్ స్క్రిప్ట్ రాసింది ఆ శిష్యుల్లో ఒకడైన పాణే. ఒక్క కమాండ్ కొడితే చాలు, ఆట సిద్ధం. అది సగంలో ఆగిపోతోందనీ, శనివారం పిల్లల చేత ఆడించాలనీ పంతులు ప్రాజెక్టు వెబ్‌సైటులో నాలుగుసార్లు రాశాడు. "నా దగ్గర బ్రహ్మాండంగా నడుస్తోంది" అని పాణి నాలుగుసార్లూ అదే పాట పాడాడు. నాలుగోసారి, "ముందు సూచనలు చదవడం నేర్చుకోండి" అని వడ్డించాడు కూడా. అయినా ఆ మనిషి ఐదో ఉత్తరం రాశాడు! పైసా ఆశించకుండా మూణ్ణెల్లు కళ్ళు కాయలు కాచేలా చేసిన పనికి ఇదా మర్యాద?

"ఆయన్ని మన ప్రాజెక్టులోంచి బయటికి పంపేయండి. ఇంకో ఉత్తరం రాయడానికి వీల్లేకుండా చెయ్యండి. ఆయనో నేనో తేలిపోవాలి" అన్నాడు పాణి.

ఆవిడ తన కంప్యూటర్ అతని వైపు తిప్పారు. "దీనిలో మన ఆట ఇంతవరకూ పెట్టలేదు. నువ్వు రాసిన సూచనలు చూసి పెట్టు" అన్నారు.

ఇదేం పరీక్ష అని లోపల్లోపల గొణుక్కుంటూ పాణి కోడ్ దింపుకుని కమాండ్ కొట్టాడు. స్క్రిప్ట్ గబగబా నడిచి, సగంలో నిలబడిపోయింది. పులుల బొమ్మలు, మేకల బొమ్మలు దొరకలేదంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"మీది పాత కంప్యూటర్ కదండీ, కాస్త సర్దాలి" అన్నాడు. తన ఇంటి కంప్యూటర్లో ఉన్నట్టే ఇక్కడా 'పాణి' అని ఒక ఫోల్డర్ తయారుచేశాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బొమ్మలన్నీ అందులో పోశాడు. మూడోసారి కమాండ్ కొట్టేసరికి మూడు పులులూ పదిహేను మేకలూ తెర మీదికి వచ్చి కూర్చున్నాయి.

"చూశారా? స్క్రిప్ట్‌లో తప్పెక్కడుంది?" అన్నాడు గెలిచినవాడిలా.

"నా కంప్యూటర్లో నీ పేరెందుకు పాణీ?"

"స్క్రిప్ట్ బొమ్మల కోసం వెతికేది అక్కడే మేడం. ఆ ఫోల్డర్ లేకపోతే నడవదు" అని గడగడా చెప్పేశాడు. చెప్పాక గానీ తనేమన్నాడో తన చెవికి వినిపించలేదు. ఆ బొమ్మలు తన ఇంటి కంప్యూటర్లో, ఈ పెన్‌డ్రైవ్‌లో తప్ప ఇంకెక్కడా లేవు; పంతులికి ఎలా దొరుకుతాయి? సిగ్గుతో ముఖం కందగడ్డ అయింది.

వేదవల్లి గారికి కోపం రావడం అతను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"బయటికి పంపమన్నావు" అన్నారావిడ. "ఆ పంతుల్ని నువ్వు లోపలికి రానిచ్చిందెప్పుడు నాయనా?"