జంట తీగల శ్రుతి

సువార్తకి గురువు మీద గౌరవం తగ్గలేదు. ఆయన చెవి మీదే నమ్మకం తగ్గింది.

అది ఎవరితోనూ చెప్పుకోగలిగిన మాట కాదు. భీమిలిలో జకరయ్య మాస్టారి దగ్గర గిటార్లు చెయ్యడం నేర్చుకోవడానికి చేరి మూడేళ్లయింది. అంతకుముందు చర్చిలో కీబోర్డు వాయించేది. పాడేవాళ్లలో ఎవరు వెంట్రుకవాసి తప్పినా ఇట్టే పట్టేసేది. ఈ పిల్ల చెవి బంగారం తూచే త్రాసులాంటిదని అందరూ అనేవారు. ఆ మాటంటే ఆమెకి చాలా ఇష్టం.

మాస్టారు చేసే గిటార్లు మామూలువి కావు. ఎవరి గిటారుకైనా ఆరు తీగలుంటాయి. ఈయన గిటారుకి పది. రెండేసి చొప్పున ఐదు జంటలు, అన్నీ నైలాన్ తీగలే. జంటలో రెండు తీగలూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ ఒకటే స్వరం. ఒక్క వేలికి రెండూ కలిసి మోగాలి. వయసులో ఉన్నప్పుడు విశాఖ రేవులో ఒక ఓడ వంటవాడి చేతిలో అలాంటి గిటారు చూసి, మూడు రోజులు అతని వెంటే తిరిగి కొలతలు రాసుకొచ్చారట.

చిక్కల్లా శ్రుతి దగ్గరే వచ్చింది. సువార్త పది తీగలూ బిగించి, శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి, దాని ముల్లు నడిమధ్యకి వచ్చేదాకా ఒక్కో తీగ బిరడా తిప్పేది. అప్పుడు మాస్టారు వచ్చి గిటారు ఒళ్లో పెట్టుకునేవారు. ఒకసారి మీటేవారు. జంటకొక బిరడా చొప్పున, తిప్పారో లేదో అన్నట్టు కదిపి, లేచి వెళ్లిపోయేవారు.

ఆయన వెళ్లాక చూస్తే ముల్లు పక్కకి ఒరిగి ఉండేది.

డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. కళ్లకి ఆపరేషన్ అయింది, మోకాళ్లు అరిగాయి, ఇక చెవి మాత్రం ఎన్నాళ్లుంటుంది అనుకుంది సువార్త. మనసు చివుక్కుమంది. ఆయన పేరు చెడకూడదని, ఆయన భోజనానికి లేచినప్పుడల్లా ఆ తీగల్ని చప్పుడు కాకుండా మళ్లీ సరిచేసేది.

ఒక శనివారం పొద్దున విజయనగరం నుంచి వసుంధర గారు వచ్చారు. బడిలో పాటల టీచరు. ముప్పై ఏళ్లు పిల్లలకి పాటలు నేర్పి, ఆ నెలాఖరున రిటైరవుతున్నారు. తనకంటూ ఏదీ కొనుక్కోని మనిషి. ఎప్పుడో ఒక పెళ్లిలో మాస్టారి గిటారు విన్నారు. ఆ నాదం చెవుల్లోంచి పోలేదు. ఏడు నెలల కిందట వచ్చి, తనకొకటి చేసిపెట్టమని అడిగి వెళ్లారు.

గిటారు అందుకుని మీటారు. మళ్లీ మీటారు. వచ్చేటప్పుడున్న సంబరం మొహంలో లేదు.

"బాగుందండీ," అన్నారు మర్యాదగా. "పని ఎంతో నీటుగా ఉంది. కానీ మా ఇంట్లో ఆరు తీగల గిటారుంది, అచ్చం అలాగే మోగుతోంది. ఆ రోజు నేను విన్నది ఇది కాదు. నేనే ఎక్కువ ఊహించుకున్నానేమో."

మాస్టారు గిటారు వంక చూశారు. తరవాత సువార్త వంక చూశారు.

"సముద్రం దాకా వెళ్లి రండమ్మా," అన్నారు. "మధ్యాహ్నం భోజనం ఇక్కడే. మా ఆవిడ ఎస్తేరు మీకోసం పప్పుచారు పెడుతోంది."

ఆవిడ గుమ్మం దాటగానే సువార్తకి ఏడుపొచ్చింది.

"తప్పు నాదే మాస్టారూ. మీరు శ్రుతి చేసి వెళ్లాక నేను మళ్లీ మార్చాను. ఇదొక్కటే కాదు, ఏడాదిగా అంతే. మీకు... మీకు చెవి తగ్గిందనుకున్నాను."

కోప్పడతారనుకుంది. మాస్టారు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"ఎస్తేరూ! నాకు చెవుడట!"

"నలభై ఏళ్ల నుంచీ నేను చెప్పేదీ అదేగా," అంది లోపల్నుంచి ఆయన భార్య.

కళ్లు తుడుచుకుని మాస్టారు గిటారు సువార్త ముందు పెట్టారు.

"ఇప్పుడిది నీ శ్రుతిలోనే ఉందా?"

"ఉంది మాస్టారూ. జంటలో రెండు తీగలకీ పిసరంత తేడా లేదు."

"అయితే జంటకొకటి చొప్పున ఐదు తీగలు తీసెయ్."

"తీసెయ్యాలా?"

"తియ్యి."

తీసింది. ఐదు నైలాన్ తీగలు వంకర్లు తిరిగి బల్ల మీద పడ్డాయి.

"మీటి చూడు. ఏం తగ్గింది?"

మీటింది. "చప్పుడు కొంచెం తగ్గింది."

"ఇంకా?"

తల వంచి మళ్లీ మీటింది. ఆ చెవికి అబద్ధం చెప్పడం రాదు.

"ఇంకేం తగ్గలేదు మాస్టారూ."

"మరి ఇన్నాళ్లూ ఆ ఐదూ అక్కడెందుకున్నట్టు?"

సువార్త బల్ల మీంచి ఒక్కో తీగా తీసి మళ్లీ గిటారుకి కట్టడం మొదలుపెట్టింది. సాగినంత సాగనిచ్చి, లాగి, మళ్లీ బిగించింది.

"రెండింటి శ్రుతికీ మధ్య ఎంత తేడా వదలాలి? కొలత చెప్పండి."

మాస్టారు కొలత చెప్పలేదు. "ఎస్తేరూ, ఓసారి ఇలా రా. పాట పాడదాం," అన్నారు.

"చారు పొంగుతుంది."

"పొంగనీ."

ఎస్తేరమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇద్దరూ పడవ గురించిన ఒక చిన్న పాట ఎత్తుకున్నారు. ఆయన గొంతు పిసరు కిందికి లాగుతుంది. ఆమెది పిసరు పైకి పోతుంది. చర్చిలో వీళ్లిద్దరూ పాడుతుంటే ఎన్నోసార్లు సువార్త మనసులోనే దిద్దుకుంది. ఈసారి దిద్దడం మానేసి వింది. రెండు గొంతుల నడుమ మరేదో కదులుతోంది. అది ఆయనదీ కాదు, ఆమెదీ కాదు. నీళ్ల మీద ఎండ తళతళలాడినట్టు గది నిండా అదే ఉంది.

మాడు వాసన రాగానే ఎస్తేరమ్మ పాట మధ్యలో లేచి పరుగెత్తింది.

సువార్త కళ్లు మూసుకుని మొదటి జంటలో ఒక బిరడా తిప్పింది. ఎక్కువైంది, అపస్వరంగా మోగింది. వెనక్కి తిప్పింది. ఇంకాస్త. ఉన్నట్టుండి ఆ జంట పలికింది. మిగతా నాలుగు జంటలూ అయ్యేసరికి ఒంటిగంట దాటింది.

వసుంధర గారు ఇసక కాళ్లతో తిరిగొచ్చారు. గిటారు అందుకుని మీటారు. చటుక్కున అరచెయ్యి తీగల మీద పెట్టి ఆపేశారు. మళ్లీ మీటారు. ఆపకుండా పైనించి కిందికి పది తీగలూ మోగించి, చిన్నపిల్లలా పకపకా నవ్వేశారు.

"ఇదే! ఇదేనండీ నేను విన్నది!"

భోజనానికి రమ్మని ఎస్తేరమ్మ రెండుసార్లు పిలిచింది. వసుంధర గారు వినిపించుకుంటేనా! అరుగు మీద కూర్చుని, ఏదో పిల్లల పాట ఎత్తుకుని, తల ఊపుతూ వాయిస్తూనే ఉన్నారు. చారు చల్లారుతోందని తిట్టడానికి వచ్చిన ఎస్తేరమ్మ తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

సువార్త మాస్టారి పక్కకి జరిగి మెల్లిగా అడిగింది.

"ఒక్క అనుమానం మాస్టారూ. జంటలో రెండింటికీ తేడా ఉంది కదా. మరి సరైన స్వరం ఏ తీగది? పైదా, కిందిదా?"

మాస్టారు గోడకి వేలాడుతున్న ఇంకో గిటారు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"వెళ్లి ఆవిడతో కలిసి వాయించు."