నాలుగు సాళ్ళ వ్రతము

కేదారుడను ముని ఒకనాడు మృత్తికామునిని సమీపించి, బావిలో మూడు తడులకు మించి నీరు లేని రైతు నూనెగింజలు పండించుటకు తగిన వ్రతమేదని అడిగెను. మృత్తికాముని సంతసించి ఇట్లు చెప్పెను.

కదిరి సీమలో నారెప్ప, ఓబులమ్మ అను దంపతులు వేరుశనగ వేసి జీవించుచుండిరి. వారికొక ఎడ్ల జత కలదు. ఓబులమ్మ చేతులమీద పెరిగిన దూడలవి. ఒక యేడు నారెప్ప పేడదిబ్బను మరచి, యూరియా బస్తాలు ఒక్కసారిగా చేనిపై చల్లెను. ఆకు విరగబెరిగెను. పిమ్మట ఇరువది దినములు వాన లేక చేను వాడెను. పెరికి చూడగా చెట్టుకు మూడు కాయలు. పొరుగు చేని సుంకన్న గట్టుపై నిలిచి, "నారెప్పన్నా, శెనక్కాయ ఏసినావా, గోంగూర ఏసినావా?" అనెను. అందరును నవ్విరి.

మరుసటి యేడు నారెప్ప రోషముతో బస్తాలను విడిచి, మాగని పచ్చిపేడను బండ్లకొద్దీ తోలెను. వేరుపురుగు పట్టి సగము చేను ఎండెను. మూడవ పంటయు పోయినచో ఎడ్లను సంతకు తోలెదనని అతడు నిశ్చయించెను. ఓబులమ్మకు అన్నము సహింపదాయెను.

అంతట ఒక ముదుసలి వచ్చి మజ్జిగ అడిగెను. ఆమె భూదేవియో, పక్క ఊరి రైతమ్మయో పెద్దలు తేల్చలేదు. ఏడాది మాగిన పేడయెరువును దుక్కిలో కలుపుమనియు, బస్తా ఎరువును మట్టి పరీక్ష చెప్పిన కొలతకు మించనీయవలదనియు, కాయ నిండుటకు పూతవేళ జిప్సము వేయుమనియు, బావిలోని మూడు తడులను పూతకు, పూత ఊడలు మట్టిలోకి దిగుటకు, కాయ ఊరుటకు దాచుకొమ్మనియు ఆమె చెప్పెను.

"నా మాట నమ్మొద్దు తల్లీ. రెండు సాళ్ళకు పేడ ఒకటే ఎయ్యి, రెండు సాళ్ళకు బస్తా ఎరువు ఒకటే ఎయ్యి. అవే సెప్తాయి."

"నాలుగు సాళ్ళు దండగ గదే!" అని నారెప్ప గొణిగెను.

"రెండేండ్లు చేనంతా దండగ చేసినోనివి, నాలుగు సాళ్ళకు ఏడుస్తాండావా?" అని ఓబులమ్మ అనగా, అతడు వ్రతమునకు పూనుకొనెను.

ఆ యేడును ఇరువది దినములు వాన తప్పెను. బస్తా సాళ్ళు ముందుగా వాడెను. పేడ సాళ్ళు నిలిచెను గాని కాయ పలుచన. రెండును కలిసిన చేను నిలిచెను, కాయయు ఊరెను. కోతనాడు చెట్లు పెరికి వరుసగా పేర్చిరి: బస్తా చెట్టుకు పదకొండు కాయలు, పేడ చెట్టుకు పదమూడు, రెండును కలిసినదానికి ఇరువది నాలుగు! సుంకన్న నమ్మక మరల లెక్కించెను.

"ఏం సుంకన్నా, గోంగూర కోసుకపోతావా?" అని నారెప్ప అడుగగా, ఈసారి సుంకన్నయే ముందు నవ్వి, పేడదిబ్బ ఎట్లు మాగబెట్టవలెనో చూపుమనెను. ఓబులమ్మ ఎడ్ల మెడలకు గంటలు కట్టి, కాయలు తీసిన వేరుశనగ చెట్ల కట్టె మేతగా వేసి, ఉడికిన కాయలు ఊరంతకు పంచెను.

కావున వేరుశనగ, నువ్వు, ఆముదము, పొద్దుతిరుగుడు వేయువారు, అందును నీరు కొరవడినవారు ఈ వ్రతము తప్పక చేయవలెను. చేసినచో నేల గుల్లబారును, కాయ నిండును, ఎడ్లు కొట్టమున నిలుచును. వాన మాత్రము ఈ వ్రతమునకు లోబడదు. విన్నవారు అక్షతలు శిరమున ధరింతురు గాక. ధరింపకున్నను దోషము లేదు. పరీక్షకై నాలుగు సాళ్ళు విడువనివారికి మాత్రము వ్రతము చెల్లదు.