పడమటి కోట జవాబు

రెండు కొండల మీద రెండు కోటలుండేవి. నడుమ లోయలో ఒక ఏరు పారేది. పొద్దుగుంకే వేళకు తూర్పు కోట బురుజు మీద నగారా మూడు దెబ్బలు మోగేది. కోట క్షేమం అని దానర్థం. వెంటనే పడమటి కోట నుంచి మూడు దెబ్బలు జవాబుగా వచ్చేవి.

రాజులు పోయారు. దండు పోయింది. ఫిరంగులను ఎవరో కరిగించుకున్నారు. నగారా కొట్టమని చెప్పేవాళ్లు లేరు, ఆపమని చెప్పేవాళ్లూ లేరు. తూర్పు కోటలో మద్దిలేటి అనే నగారావాడు ఒక్కడే మిగిలి రోజూ కొడుతూ వచ్చాడు. జవాబు రోజూ వస్తూనే ఉంది.

అతనికి పెళ్లి కాలేదు. గోడలు తప్ప తోడు లేదు. అవతలి నుంచి జవాబు విన్నాకే అతనికి ముద్ద దిగేది. ఆ కొట్టే మనిషి ఎట్లా ఉంటాడో, నవ్వితే ఎట్లా నవ్వుతాడో చూడాలని ముప్పయ్యేళ్లుగా కోరిక. ఒకనాటి ఉదయం ఇక ఆగలేక కొండ దిగాడు.

కంటికెదురుగా ఉన్న కొండే. కానీ ఏరు దాటే రేవు చాలా దిగువన ఉంది. చుట్టు తిరిగి పడమటి కోట ఎక్కేసరికి మూడో రోజు పొద్దుగుంకింది.

బురుజు మీద నగారా బోర్లించి ఉంది. దాని పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది.

"నగారా ఎందుకు బోర్లించినారు?" అన్నాడు మద్దిలేటి.

"తూర్పు కోట పడిపోయింది నాయనా. మూడు దినాలుగా దానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"పడలేదక్కా. నేను ఆ కోటవాణ్ణే. ఇక్కడ కొట్టే మనిషిని చూద్దామని వచ్చినా."

ఆమె పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

"ఆయన పోయి పదకొండేండ్లు. నేను ఆయన పెండ్లాన్ని, సుంకులమ్మంటారు. ఆయన పోయిన దినం కూడా నువ్వు కొట్టినావు. జవాబు రాకపోతే ఏమనుకుంటావోనని కర్రలు నేనందుకున్నా."

మద్దిలేటి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె జొన్నరొట్టె పెట్టింది. తిన్నాక అతను, "నేనింక పోనక్కా. ఇద్దరం ఒక్కచోటుంటే కొట్టే పనే లేదు" అన్నాడు. ఆమె సరేనంది.

నాలుగు రోజులున్నాడు. ఆమెకు నీళ్లు మోశాడు, పడిపోయిన పొయ్యిగోడ ఎత్తిపెట్టాడు. ఆమె భర్త సంగతులు చెబితే విన్నాడు. ముప్పయ్యేళ్లలో అంతగా మాట్లాడింది లేదు. కానీ పొద్దు వాలేసరికి ఇద్దరికీ మాటలు ఆగిపోయేవి.

నాలుగో సాయంత్రం ఆమె చెబుతున్న మాట మధ్యలో ఆపేసింది.

"నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు. అయినా నా చెవి ఆ ఎదుటి కొండకే పోతాంది తమ్ముడా."

"నాదీ అంతే" అన్నాడు మద్దిలేటి.

మర్నాడు తెల్లవారగానే అతను బయల్దేరాడు. ఉండమని ఆమె అనలేదు. రొట్టెలు మూట కట్టి ఇచ్చింది.

రేవు చేరేసరికి సందె పడుతోంది. ఏరు దాటించే పుట్టివాడు తెడ్డు అందుకుంటున్నాడు. అప్పుడు గాలివాటున, పడమటి కొండ మీంచి సన్నగా మూడు దెబ్బలు వినిపించాయి. జవాబు చెప్పడానికి తూర్పు కొండ మీద ఎవరూ లేరని ఆమెకు తెలుసు. తెలిసే కొట్టింది.

మద్దిలేటి వంగి చేతికర్రతో నేలను మూడుసార్లు కొట్టాడు. దుమ్ము లేచింది. ఆ చప్పుడు పుట్టిదాకా కూడా రాలేదు.

"ఏం పోగొట్టుకున్నావు పెద్దాయనా?" అన్నాడు పుట్టివాడు.

"తొందరగా దాటించు నాయనా" అంటూ మద్దిలేటి పుట్టిలో కూర్చున్నాడు. "మా కోట పడిపోయి ఎనిమిది దినాలైంది. పోయి నిలబెట్టాల."